450 డాలర్లిచ్చి ఇంజన్ మీది నంబర్లు చూపించుకున్నాం: 1969 కమారో స్టాంప్ చెకింగ్ సర్వీస్ రివ్యూ

మా బావ షెవర్లే కంపెనీ 1969 కమారోలో జెడ్-28 అనే రేసు రకం కారు కోసం ఏడాదిగా తిరుగుతున్నాడు. ఒహాయోలో ఉంటూ ఈ పిచ్చి పట్టకుండా తప్పించుకోవడం కష్టమే అనుకోండి, ఆ కార్లు తయారైన నార్‌వుడ్ ఫ్యాక్టరీ మాకు రెండు గంటల దూరం, 1987లో మూసేశారు గానీ. చివరికి ఇండియానాలో ఒకటి దొరికింది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో "నంబర్స్ మ్యాచింగ్" అని రాసి ఉంది, అంటే కారు పుట్టినప్పటి ఇంజనే ఇంకా అందులో ఉందని, ధర 79,000 డాలర్లు. అదే కారు, అదే రంగు, అంతే బాగున్న బాడీ, కానీ లోపల ఉన్నది పుట్టినప్పటి ఇంజన్ కాదంటే మేం చూసిన ప్రకటనల లెక్కన ధర ఇరవై వేలకు పైగా పడిపోతుంది. అంటే ఇంజన్ ముందు భాగంలో, రెండు వేళ్ళు పట్టేంత చోటులో కొట్టిన పదహారు అక్షరాల ఖరీదు ఇరవై వేల డాలర్లన్నమాట. బంగారం మీద చెక్కినా అంత పడదు.

ఈ రివ్యూ ఆ పదహారు అక్షరాలు చూసిపెట్టిన సర్వీస్ గురించి. పేరు రాయను. ఒక్క మనిషి నడుపుకునే చిన్న వ్యాపారం, నేను మెచ్చుకునేవి ఉన్నాయి, విసుక్కునేవీ ఉన్నాయి, అందుకని పేరు పక్కన పెట్టి ఇలాంటి సర్వీస్ ఏం చేస్తుంది, ఏం చేయదు, ఎవరికి పనికొస్తుంది అన్నది మాత్రం రాస్తాను. ఫీజు 450 డాలర్లు, పైన రానుపోను మైలేజీ 96, మొత్తం 546.

నిజానికి మేం ముందు చేసింది వేరే పని, తెలివితక్కువ పని. ఇంటర్నెట్‌లో 25 డాలర్లు కట్టి ఫొటో పంపితే నంబర్లు డీకోడ్ చేసి పంపుతామన్నవాళ్ళు ఒకరు కనిపించారు. అమ్మేవాడు పంపిన ఫొటోనే వాళ్ళకి పంపాం. గంటలో పీడీఎఫ్ వచ్చేసింది, చూడ్డానికి భలే ఉంది. స్టాంప్ వి0226డీజెడ్. వి అంటే మిషిగన్‌లోని ఫ్లింట్ ఇంజన్ ప్లాంట్, 0226 అంటే ఫిబ్రవరి 26న ఇంజన్ బిగించారని, డీజెడ్ అంటే 1969 జెడ్-28లో వేసిన 302 క్యూబిక్ ఇంచుల ఇంజన్ అని. అదే పెద్ద ఇంజనైతే మొదటి అక్షరం టి ఉండేది, న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా ప్లాంట్ గుర్తు. దాని పక్కనే 19ఎన్ అని మొదలై ఆరు అంకెలు: 1 షెవర్లే, 9 అంటే 1969 మోడల్, ఎన్ అంటే నార్‌వుడ్, మిగిలిన ఆరూ కారు సీరియల్. కాలిఫోర్నియాలోని వాన్ నైస్‌లో తయారైన కమారో అయితే ఎన్ బదులు ఎల్ ఉండేది. ఆ ఆరు అంకెలూ టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీదున్న విన్ నంబర్ (కారు గుర్తింపు నంబర్) చివరి ఆరు అంకెలతో అచ్చంగా సరిపోయాయి. ప్రతి గడిలోనూ పచ్చ టిక్కు. బావ ఆ రాత్రి బ్యాంకు లోన్ వడ్డీలు చూడ్డం మొదలుపెట్టాడు.

నాకెందుకో నచ్చలేదు. ఆ పీడీఎఫ్‌లో ఉన్నదంతా కరెక్టే, ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ అబద్ధం రాసిన కాగితాన్ని తప్పుల్లేకుండా చదివి వినిపిస్తే అది నిజమైపోదు కదా. అక్షరాల పంచ్ సెట్ ఎవరైనా కొనుక్కోవచ్చు, కోడ్ పట్టికలు అందరికీ దొరుకుతాయి, నకిలీ స్టాంప్ కొట్టేవాడు కూడా అదే పట్టిక ముందు పెట్టుకునే కొడతాడు. వాడు తప్పు కోడ్ ఎందుకు కొడతాడు? డీకోడింగ్ వేరు, ఆ స్టాంప్ ఫ్యాక్టరీలో పడిందా ఎవరి షెడ్డులోనో పడిందా అని తేల్చడం వేరు. ఈ రెండూ ఒకటే అన్నట్టు అమ్మడమే ఆ 25 డాలర్ల సర్వీస్‌తో నా గొడవ.

షెవర్లేల్లో ఈ స్టాంప్‌కి ఇంత విలువ ఎందుకంటే, ఆ రోజుల్లో షెవర్లే మాతృ కంపెనీ జీఎం విన్ నంబర్ నోరు విప్పేది కాదు. 1969 కమారో విన్ 124 అని మొదలైతే వీ8 కారు అని తెలుస్తుంది, అంతే. అందులో చిన్న 307 ఉందా, ఎస్ఎస్ 396 ఉందా, జెడ్-28 ఉందా, అన్నిటికీ అదే 12437. విన్‌లోనే ఇంజన్ అక్షరం పెట్టడం జీఎం 1972 నుంచి మొదలుపెట్టింది. ఆ ఏడు కమారోలు రెండు లక్షల నలభై వేలకు పైగా తయారైతే అందులో జెడ్-28లు 20,302. మిగతావాటిలో ఎన్ని ఇప్పుడు జెడ్-28 వేషం కట్టుకుని తిరుగుతున్నాయో ఎవరికి తెలుసు. చారల స్టిక్కర్లు, బ్యాడ్జీలు, బానెట్, అన్నీ కొత్తవి దొరుకుతాయి. ఫోర్డ్, మోపార్ (క్రైస్లర్ కంపెనీ) కార్లలో ఈ బాధ కొంత తక్కువ. 1970 మోపార్ విన్‌లో ఐదో అక్షరం ఆర్ అయితే 426 హెమీ ఇంజన్, వి అయితే 440 సిక్స్ ప్యాక్, యు అయితే 440 ఫోర్ బ్యారెల్. 1969 మస్టాంగ్‌లో ఐదో అక్షరం జెడ్ అయితే బాస్ 429, జి అయితే బాస్ 302, ఆర్ అయితే ర్యామ్ ఎయిర్ ఉన్న 428 కోబ్రా జెట్. కారు పుట్టుక విన్‌లోనే ఉంది. ఇప్పుడున్న ఇంజన్ అదేనా కాదా అన్న ప్రశ్న అక్కడా ఉంటుంది, కానీ కారే నకిలీ అన్న భయం తగ్గుతుంది.

సరే, అసలు సర్వీస్‌కి వద్దాం. వచ్చినాయనకి డెబ్భై దాటి ఉంటాయి, మెషిన్ షాపులో బ్లాకులు, అంటే ఇంజన్ల ఇనుప దిమ్మలు, తిరగదోడి తిరగదోడి రిటైరైన మనిషి. చేతిలో చిన్న సంచి. అందులో పళ్ళ డాక్టర్ల దగ్గరుండే లాంటి చిన్న అద్దం, వంగే కెమెరా, టార్చి, భూతద్దం, మెత్తటి గుడ్డలు, గ్రీజు కరిగించే స్ప్రే. అంతే. బావ కాస్త నిరుత్సాహపడ్డాడు, ఏదో లేజర్ మిషన్ వస్తుందనుకున్నాడు పాపం. ఆయన మొదట కారు వైపు కూడా చూడలేదు, అమ్మేవాడితో పది నిమిషాలు కబుర్లు చెప్పి, ఇంజన్ ఎప్పుడు తీశారు, ఎవరు చేశారు, బిల్లులున్నాయా అని మెల్లగా అడిగాడు. బిల్లుల్లేవు. "నేను కొన్నప్పుడే ఇలా ఉంది" అన్నాడు అమ్మేవాడు.

షెవర్లే వీ8లో స్టాంప్ ప్యాడ్ ఇంజన్ ముందు వైపు, ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ కింద నుంచి బ్లాక్ కొంచెం ముందుకు పొడుచుకొచ్చే చోట ఉంటుంది. 1969లో ఆల్టర్నేటర్ ప్యాసింజర్ వైపుకి మారింది కాబట్టి ప్యాడ్ దాని వెనక నక్కి కూర్చుంటుంది. ఆయన పర్మిషన్ అడిగి ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి పక్కకి జరిపాడు. స్ప్రే కొట్టి, గుడ్డతో ఒత్తి తీశాడు తప్ప రుద్దలేదు. వైర్ బ్రష్ గానీ గరుకు కాగితం గానీ ఆ చోట తగిలించకూడదట, చూడాల్సిన సాక్ష్యమే దాంతో పోతుందట. మేం వెళ్ళేముందు వీడియో చూసి వైర్ బ్రష్ కొని పట్టుకెళ్ళాం, అది చప్పుడు చేయకుండా కారు డిక్కీలోనే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. ఆయన అక్షరాలు చదవనే లేదు. టార్చి ప్యాడ్‌కి పక్కనుంచి, దాదాపు అడ్డంగా ఆనించి పట్టుకుని, అక్షరాల మధ్య ఖాళీగా ఉన్న లోహాన్ని చూశాడు. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని బ్రోచింగ్ యంత్రం చదును చేస్తుంది. వరసగా పళ్ళున్న పెద్ద పనిముట్టు ఒక్క ఊపున బ్లాక్ పొడవునా సాగిపోతుంది, అది పోయిన దారిలో వెంట్రుకల్లాంటి సన్నటి నిలువు గీతలు మిగులుతాయి, ఇంజన్ ముందు నుంచి వెనక్కి. స్టాంప్ ఆ గీతల మీద పడుతుంది. ప్యాడ్, హెడ్ కూర్చునే చోటు ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి తర్వాతెప్పుడైనా ఇంజన్ విప్పి మెషిన్ షాపులో పైభాగం మళ్ళీ చదును చేయిస్తే, చూసుకోకపోతే ప్యాడ్ కూడా దాంతో పాటే చెక్కుకుపోతుంది, నంబరూ పోతుంది, గీతలూ పోతాయి. గుండ్రంగా తిరిగే కట్టర్ పెట్టి ఉంటే నిలువు గీతల బదులు వంపు గీతలు కనిపిస్తాయి, విల్లులా. మా కారు ప్యాడ్ మీద ఉన్నవి అవే. ఆయన నాకు భూతద్దం ఇచ్చి చూడమన్నాడు. ముందు ఏమీ కనిపించలేదు, టార్చి అటూ ఇటూ కదిపితే ఒక్కసారిగా కనిపించాయి, కనిపించాక ఇక కళ్ళు వాటినే చూస్తాయి. ఆ వంపు గీతల మీద, వాటిని తొక్కేస్తూ, వి0226డీజెడ్.

ఇక్కడ ఒక మాట. గీతలు లేనంత మాత్రాన దొంగతనం అనుకోకూడదు. యాభై ఏళ్ళ కారులో ఇంజన్ ఒకటి రెండుసార్లు విప్పి ఉంటారు, అప్పట్లో ఈ నంబర్లకి విలువ ఉంటుందని ఎవడికి తెలుసు, మెషిన్ షాపువాడు తన పని తాను చేశాడు. నిజాయితీగా నంబర్ పోగొట్టుకున్న ఒరిజినల్ ఇంజన్లు చాలా ఉన్నాయి. పోయిన నంబర్‌ని మళ్ళీ కొట్టించుకుని, అది ఫ్యాక్టరీ స్టాంపే అన్నట్టు అమ్మడం దగ్గర తేడా వస్తుంది. ఆయన కూడా అప్పటికి నోరు జారలేదు. "ప్యాడ్ చెక్కారు, తర్వాత కొట్టారు, ఇంతవరకే" అన్నాడు.

తర్వాత అక్షరాల తీరు. ఇంజన్ కోడ్ పడేది ఫ్లింట్‌లో, కారు సీరియల్ పడేది నార్‌వుడ్‌లో కారు బిగించేటప్పుడు. రెండు ఊళ్ళు, రెండు చేతులు, రెండు పంచ్ సెట్లు. కాబట్టి రెండు వరసలూ కవల పిల్లల్లా ఉండకూడదు: సైజు, లోతు, అక్షరం ఆకారం ఎక్కడో ఒకచోట తేడా రావాలి. మా కారులో రెండు వరసల్లోని 2లు, 6లు ఒక్కటే సైజు, ఒక్కటే మలుపు. పైగా ఫ్యాక్టరీలో అక్షరాలన్నీ ఒక పట్టీలో బిగించి ఒకేసారి కొట్టేవారు, కాబట్టి వరస తిన్నగా ఉంటుంది, ఒక మూల లోతుగా ఇంకో మూల తేలిగ్గా పడొచ్చు, ఒక్కోసారి జోడు దెబ్బ పడి నీడ కూడా కనిపించొచ్చు. ఒక్కో అక్షరం విడిగా సుత్తితో కొడితే ఒకటి పైకి ఒకటి కిందకి నాట్యం చేస్తాయి. మా దాంట్లో డీ కాస్త తాగినట్టు వాలి ఉంది. మరీ అందంగా, సమానంగా, స్పష్టంగా ఉన్న స్టాంప్‌ని కూడా అనుమానించాలట. ఫ్యాక్టరీలో రోజుకి వందల ఇంజన్లకి కొట్టేవాడు ముగ్గులు పెట్టడు కదా అన్నట్టు చెప్పాడు.

మొత్తం సందర్శనలో గొప్ప క్షణం మాత్రం వెనక వైపు వచ్చింది. స్టాంప్ అంటే లోపలికి పడే గుంట అక్షరాలు. కాస్టింగ్ నంబర్, పోత పోసిన తేదీ అలా కాదు, అవి అచ్చులోనే ఉండి ఇనుముతో పాటు ఉబ్బెత్తుగా వస్తాయి, వాటిని మార్చాలంటే చచ్చేంత పని. షెవర్లే చిన్న వీ8లో ఇవి బ్లాక్ వెనక, గేర్‌బాక్స్ బిగించే అంచు మీద ఉంటాయి: డ్రైవర్ వైపు ఏడంకెల కాస్టింగ్ నంబర్, ప్యాసింజర్ వైపు తేదీ. ఇంజన్‌కీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఉండే అడ్డగోడ, అంటే ఫైర్‌వాల్‌కి ఆనుకుని ఉండటం వల్ల మనిషి తల పట్టదు. మా 25 డాలర్ల పీడీఎఫ్ వాళ్ళు ఈ తేదీ ఫొటో అడగనే లేదు, అడిగితే అమ్మేవాడు తీసి పంపేవాడూ కాదు.

ఆయన కెమెరా వైరు హెడ్ వెనక నుంచి దింపాడు. ముందు కాస్టింగ్ నంబర్: 3970010. బావ చంకలు గుద్దుకున్నాడు, ఎందుకంటే 1969 జెడ్-28లో వచ్చిన బ్లాకుల్లో ఇదీ ఒకటని చదివాడు. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు. ఆ 3970010 బ్లాక్ 1969లో మొదలై 1979 దాకా పోశారు, కమారోల్లో, సెడాన్లలో, పికప్ ట్రక్కుల్లో, అన్నిట్లో 350 ఇంజన్లుగా పోశారు. అమెరికాలో ఏ పాత సామాన్ల యార్డుకి వెళ్ళినా దొరికే బ్లాక్ అది. కాస్టింగ్ నంబర్ చూసి కారు కొనడమంటే ఇంటిపేరు చూసి పిల్లనిచ్చినట్టే.

తర్వాత తేదీ. షెవర్లే పోత తేదీ ఒక అక్షరం, రోజు, సంవత్సరం చివరి అంకె: ఎ జనవరి, బి ఫిబ్రవరి, అలా ఎల్ డిసెంబర్ దాకా. కెమెరా తెర మీద వచ్చింది: సి 14 9. మార్చి 14.

ముందు స్టాంప్ ఏమంటోంది? ఫిబ్రవరి 26న ఇంజన్ బిగించారంటోంది. అంటే బ్లాక్ పోత పోయకముందే, ఇనుము ఇంకా కరగకముందే, ఇంజన్ తయారైపోయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అదే. నేను గట్టిగా నవ్వేశాను, బావ నవ్వలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆ చివరి 9 ఉంది చూశారూ, అది 1969 అని ఎవరన్నారు? ఆ బ్లాక్ పదేళ్ళు పోశారు, తేదీలో సంవత్సరానికి ఉన్నది ఒక్క అంకె. 1979 మార్చి 14న పోసినా సి 14 9 అనే ఉంటుంది. 1969 బ్లాక్ అయితే బహుశా ఏదో పాత కారుది, 1979ది అయితే బహుశా ఏదో ట్రక్కుది, ఏదైనా ఈ కారుది మాత్రం కాదు. సరైన వరస ఏమిటంటే ముందు శాగినాలో పోత, తర్వాత ఫ్లింట్‌లో ఇంజన్, తర్వాత నార్‌వుడ్‌లో కారు. మామూలుగా ఒక్కో మెట్టుకీ మధ్య కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు ఉంటాయి. మరీ నెలల తేడా వచ్చినా ప్రశ్నే, వెనక్కి పోతే మాత్రం ప్రశ్న కూడా లేదు. నకిలీ కొట్టినవాడు కారు తయారైన తేదీకి సరిపోయే స్టాంప్ తేదీ చక్కగా లెక్కేసి కొట్టాడు, వెనక్కి వెళ్ళి బ్లాక్ తేదీ చూడ్డానికి మాత్రం బద్ధకించాడు. ముందు చూపు ఉంది, వెనక చూపు లేదు.

ఆయిల్ ఫిల్టర్ పైన కూడా కెమెరా పెట్టి చూశాడు, 1969లో కారు సీరియల్ కొన్నిసార్లు ప్యాడ్ మీద కాకుండా అక్కడి గరుకు ఇనుము మీద కొట్టేవారు కాబట్టి. అక్కడ ఏమీ లేదు. ఇంకో కారు నంబర్ దొరికి ఉంటే దొంగ బండి గొడవ కూడా వచ్చేది, అది లేనందుకు సంతోషించాం.

ఇంత జరిగాక బావ కారు వదిలేద్దామన్నాడు. నిజంగా ఉపయోగపడిన మాట ఆయన అప్పుడు చెప్పాడు: "ఇంజన్ దీనిది కాదు, కారు మాత్రం జెడ్-28 కావచ్చు, ట్యాగ్ చూద్దాం." ఫైర్‌వాల్ మీద ఉండే చిన్న రేకు ట్యాగ్‌లో 03బి, అంటే మార్చి రెండో వారం, ఇంకా ఎక్స్33 అని ఉంది. నార్‌వుడ్‌లో ఆ ఏడు పడిన ఈ ఎక్స్ కోడ్‌లలో 33, 77 జెడ్-28వి. వాన్ నైస్ కార్లకి ఈ సదుపాయం లేదు పాపం. రేకు నకిలీవి కూడా దొరుకుతాయి కాబట్టి దాని రివెట్లు, చుట్టూ పెయింట్ కూడా చూశాడు, ఎవరూ కదిపినట్టు లేదన్నాడు.

ఇక విసుక్కునేవి. మొదటిది, గేర్‌బాక్స్ ఫీజులో లేదట. ఇంజన్ తేడా అని తేలగానే ఆయన సంచి సర్దుకున్నాడు. అప్పటికే గంటన్నరే అయింది, 450 డాలర్లకి ఇంకో అరగంట కింద పడుకుని చూడొచ్చు కదా. మోకాళ్ళ నొప్పులన్నాడు, వాదించలేకపోయాం. బావే కారు కిందకి దూరి ఫోన్‌తో ఫొటోలు తీశాడు. మన్సీ గేర్‌బాక్స్ మీద పి9బి18బి: పి మన్సీ ప్లాంట్, 9 సంవత్సరం, బి ఫిబ్రవరి, 18 తేదీ, చివరి బి అంటే ఎం21 రకం. ఒక జాగ్రత్త, మన్సీ నెలల అక్షరాలు మే దాకా వరసగానే ఉండి తర్వాత గంతులేస్తాయి, జూన్ హెచ్, జూలై కె, ఆగస్టు ఎం, అలా. ఇంజన్ పట్టికతో దీన్ని చదివితే తప్పులో కాలేస్తారు. దాని పక్కనే కారు సీరియల్ ఉంది, మురికి కింద, వంకరగా, సగం లోతులో, అచ్చం ఫ్యాక్టరీవాడు కొట్టినట్టు. కారుతో సరిపోయింది! ఆ ఫొటోలు ఆయనకి పంపితే రెండు రోజుల తర్వాత ఒక్క ముక్క జవాబు: "అది బాగానే ఉంది." ఇంత ముఖ్యమైన విషయం మేం దొర్లుకుంటూ కనుక్కోవాల్సి వచ్చింది.

రెండోది, రిపోర్టు. మూడు రోజుల్లో ఇస్తానన్నది తొమ్మిది రోజులకి వచ్చింది. నాలుగు పేజీలు, ఫొటోల కింద ఏది ఏమిటో రాయలేదు, రెండు ఫొటోలు మసక. "నకిలీ" అన్న మాట ఎక్కడా లేదు, "ఈ ఉపరితలం ఫ్యాక్టరీ పనితో సరిపోలడం లేదు" అని రాశాడు. అది నాకు అర్థమైంది, రేపు కోర్టు దాకా వెళ్తే తన మెడకి చుట్టుకోకుండా చూసుకుంటాడు. కానీ పక్కన నిలబడి చూడకుండా ఆ రిపోర్టు ఒక్కటే అందుకున్నవాడికి సగం అర్థం కాదు. కాబట్టి ఈ సర్వీస్ వాడితే తప్పకుండా మీరూ వెళ్ళండి, పక్కనే నిలబడండి, ప్రతిదీ అడగండి. అడిగితే విసుక్కోడు, అదొక్కటి గొప్ప గుణం.

నేను అడిగినవాటిలో రెండు మీకూ పనికొస్తాయి. ఒకటి, ఒకే కోడ్ వేర్వేరు ఏళ్ళలో వేర్వేరు ఇంజన్లకి వాడారు. ఎంఓ అనే కోడ్ 1968లో జెడ్-28 302 ఇంజన్‌ది, అదే ఎంఓ 1969లో కోపో (ప్రత్యేక ఆర్డరు మీద తయారైన) కమారోల 427 ఆటోమేటిక్‌ది. కాబట్టి పోత తేదీ, కారు ఏడాది పక్కన పెట్టుకోకుండా కోడ్ చదవకూడదు. రెండోది, స్టాంప్ సిఈ అని మొదలైతే భయపడొద్దు. అది వారంటీలో కంపెనీయే మార్చి ఇచ్చిన బ్లాక్. నంబర్స్ మ్యాచింగ్ కాదు నిజమే, కానీ ఎవరో కుర్రాడు కొత్త కారుని రేసులో పీకి పాకం పట్టించి డీలర్ దగ్గరికి ఈడ్చుకెళ్ళాడన్న కథ దానికి ఉంటుంది. నకిలీ డీజెడ్ కంటే నిజమైన సిఈ నాకు వెయ్యి రెట్లు నయం.

అన్ని కార్లకీ ఇంత ఖర్చు అక్కర్లేదు కూడా. మా ఫ్రెండ్ ఒకతను మస్టాంగ్ చూస్తూ ఈ పెద్దాయన ఫోన్ నంబర్ అడిగితే ముందు మార్టి అనే సంస్థ రిపోర్ట్ తెప్పించుకోమన్నాను, 1967 నుంచి ఫోర్డ్ ప్రొడక్షన్ రికార్డులు వాళ్ళ దగ్గరున్నాయి, కారు ఎలా పుట్టిందో కాగితం మీద వస్తుంది. పాంటియాక్ అయితే పీహెచ్‌ఎస్ అనే సంస్థ దగ్గర ఫ్యాక్టరీ బిల్లింగ్ కాగితాల కాపీలు దొరుకుతాయి. 1969 జీటీఓ బ్లాక్ మీద డబ్ల్యూడబ్ల్యూ చూసి ర్యామ్ ఎయిర్ 4 ఇంజన్, మాన్యువల్ గేర్‌బాక్స్ అని ఎగిరేముందు ఆ కాగితం చూడాలి. అమెరికాలో అమ్మిన షెవర్లేలకి ఆ స్థాయి కాగితాలు లేకపోవడం వల్లే ఈ టార్చీలు, భూతద్దాలు. కారుతో పాటు పాత ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ వస్తే అదృష్టం, వారంటీ పుస్తకంలో ఉండే ఆ చిన్న లోహపు పలక మీద ఇంజన్ కోడ్ ఉంటుంది. దానికీ నకళ్ళు వచ్చేశాయి మరి.

బేరం సంగతి. అమ్మేవాడికి రిపోర్టు చూపిస్తే మొహం మాడిపోయింది. నాటకం అనిపించలేదు, ఆయన కూడా పూర్తి ధర పెట్టి కొని మోసపోయి ఉండొచ్చు. 54,000 అన్నాం, 70,000 అన్నాడు, వచ్చేశాం. మూడు వారాలకి ఆయనే ఫోన్ చేశాడు. 57,500 దగ్గర తెగింది. బిల్లులో "ఇంజన్ ఒరిజినల్ కాదు, స్టాంప్ తర్వాత కొట్టినది" అని రాయించుకున్నాం. బావకి ఆ వాక్యం ఇష్టం లేదు, "నేను అమ్మేటప్పుడు నాకే అడ్డం వస్తుంది కదరా" అన్నాడు. అందుకే రాయించాను బావా అన్నాను. 546 డాలర్లు పెట్టి 21,500 తగ్గించుకున్నాం, ఈ లెక్క చెప్పాక గొణగడం మానేశాడు.

ఐదుకి నాలుగిస్తాను. ఆ పోయిన ఒక్కటీ గేర్‌బాక్స్‌కి సగం, రిపోర్టుకి సగం. 79,000 అడిగే కారుకి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు, పదిహేను వేల మామూలు కూపేకి మాత్రం దండగ. 25 డాలర్ల పీడీఎఫ్‌కి ఒకటి, అదీ అందంగా ఉన్నందుకు.

ఒక్క విషయం మిగిలిపోయింది. లోపలున్నది 302నా, 350నా మాకింకా తెలీదు. రెండిటి సిలిండర్ వెడల్పూ ఒకటే, నాలుగు అంగుళాలు, తేడా స్ట్రోక్‌లో, అంటే పిస్టన్ కదిలే దూరంలో ఉంది: 302కి మూడు అంగుళాలు, 350కి 3.48. వచ్చే ఆదివారం స్పార్క్ ప్లగ్ తీసి, సన్నటి కర్ర పుల్ల లోపల పెట్టి, ఇంజన్‌ని చేత్తో తిప్పి పుల్ల ఎంత లేస్తుందో కొలుస్తాం. ప్లగ్ రంధ్రం వాలుగా ఉంటుంది కాబట్టి కొలత అచ్చంగా రాదు, కానీ అర అంగుళం తేడా దాగదు. బావ ఇప్పటికే 302 అని పందెం కాశాడు.